పాత వీడియో క్యాసెట్లు, కొత్త డిస్కులు: మన ఇంటి రికార్డు గది

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకు ఇచ్చిన కాస్త సమయంలో మన ఇళ్ళలో అటకల మీద, బీరువా అడుగు అరల్లో పడివున్న వీడియో క్యాసెట్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇదీ ఒక విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ క్యాసెట్లలో ఉన్నదానికి ఒక గడువు ఉంది. అందులో ఉన్నవారిని గుర్తుపట్టగల మనకూ ఒక గడువు ఉంది. రెండు గడువులూ తీరకముందే పని పూర్తి చేసుకోవాలి.

వి.హెచ్.ఎస్. పద్ధతి 1976లో జపానులో జె.వి.సి. సంస్థ తెచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశంలో రంగుల టెలివిజన్ వచ్చింది. ఆ వెనుకే వి.సి.ఆర్.లు వచ్చాయి. కొనలేనివాళ్ళం టి.వి.తో సహా ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, వీధి వీధంతా చాపలు పరచుకుని తెల్లవారేవరకు మూడేసి సినిమాలు చూసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 1980ల చివరికి పెళ్ళికి వీడియో తప్పనిసరి అయింది. భుజాన పెద్ద కెమెరాతో ఒకాయన, పక్కన పెద్ద దీపం పట్టుకున్న కుర్రవాడు, ఆ వెలుగుకు కళ్ళు చిట్లిస్తున్న పెళ్ళికూతురు. ఆ విధంగా ఇంటింటికీ రెండో మూడో క్యాసెట్లు చేరాయి.

అందులో ఏముంది? ఫోటోలో లేనిది రెండు ఉన్నాయి. ఒకటి నడక, రెండు గొంతు. మా అమ్మగారి ఫోటోలు మా ఇంట్లో చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్క క్యాసెట్టులోనే ఉంది. అదీ అర నిమిషం. "లెగండర్రా, విస్తళ్ళు వేసేశారు" అని పందిట్లో బంధువులను కేకేస్తుంది. ఆవిడను చూడని మా మనవలకు ఆవిడ ఎలా మాట్లాడేదో తెలియడానికి ఆ అర నిమిషమే ఆధారం.

ఇంకొక సంగతి కూడా ఉంది. పెళ్ళివారి వెనుక మన ఊరు కూడా ఆ క్యాసెట్లలో నిలిచిపోయింది. 2002లో కురుసుర జలాంతర్గామిని ప్రదర్శనశాలగా నిలబెట్టక ముందటి బీచ్ రోడ్డు, పాత పూర్ణా మార్కెట్ వీధులు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చకముందు ఉన్న పచ్చదనం, 1992 ఆగస్టులో ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసిన కాలంలో ఉక్కునగరంలో ఆడుకున్న పిల్లలు. మనకు ఇవన్నీ మామూలు దృశ్యాలు. మన తరువాతివారికి అవి తిరిగి దొరికేవి కావు.

ఇక గడువు సంగతి. క్యాసెట్టులో అరంగుళం వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. మూడు గంటల క్యాసెట్టు విప్పితే ఆ పట్టీ సుమారు పావు కిలోమీటరు పొడవు. దాని మీద అయస్కాంత గుణం గల సన్నని పొడిని ఒక రకం జిగురుతో అంటించి ఉంచారు. బొమ్మా శబ్దమూ అన్నీ ఆ పొడిలోనే ఉన్నాయి. తేమ తగిలితే ఆ జిగురు మెత్తబడి, పొడి రాలుతుంది. మనది సముద్రం ఒడ్డు ఊరు. ఉప్పుగాలి, ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత. ఇనుమే తుప్పుపట్టే చోట ఈ పట్టీ ఎంతకాలం నిలుస్తుంది? తుపానుకు తడిసి, ఆరబెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేసిన క్యాసెట్లు ఈ ఊరిలో ఎన్నో ఉన్నాయి. వాటి సంగతి మరీ ముందు చూడాలి.

పట్టీ బాగున్నా ఆడించే యంత్రం ఉండాలి. వి.సి.ఆర్.లు తయారుచేస్తున్న చివరి సంస్థ, జపానులోని ఫునాయ్, 2016 జులైలో తయారీ ఆపేసింది. అప్పటినుంచి ఉన్నవాటినే బాగుచేసుకుని వాడుకోవాలి. వాటి తలలు అరిగితే కొత్తవి దొరకడం కష్టం. మరమ్మతు తెలిసిన మెకానిక్కులు కూడా మన వయసువారే. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, శబ్ద భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది. 2025 నాటికి డిజిటల్‌లోకి ఎక్కించని టేపులు చాలావరకు శాశ్వతంగా పోవచ్చునని దాని సారాంశం. యునెస్కో కూడా 2019లో ఇదే విషయమై ప్రపంచవ్యాప్తంగా సర్వే మొదలుపెట్టింది. ప్రభుత్వాల భాండాగారాలే కంగారు పడుతుంటే మన అటక సంగతి చెప్పేదేముంది? 2025 రానే వచ్చింది.

ఇప్పుడు ఏం చేయాలి? ఇందులో మన ఆఫీసు అనుభవం పనికివస్తుంది. రికార్డు గదికి పంపేముందు ప్రతి ఫైలుకూ డిస్పోజల్ వేసేవాళ్ళం కదా. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. ఎల్.డిస్. అంటే కొద్దికాలం ఉంచి తీసివేయదగినది. ఇంట్లో ఉన్న క్యాసెట్లు అన్నీ కింద పరచి అలాగే విడదీయండి. టి.వి.లోంచి ఎక్కించుకున్న సినిమాలు, క్రికెట్టు ఎల్.డిస్. పెళ్ళిళ్ళు, ఒడుగులు, షష్టిపూర్తులు, పెద్దలు మాట్లాడినవి, పిల్లలు తప్పటడుగులు వేసినవి ఆర్.డిస్. డబ్బు ఖర్చు పెట్టవలసింది వీటికే. ఇంటికి రెండు మూడు కంటే ఎక్కువ ఉండవు. కాని చీటీ చూసి మాత్రం నిర్ణయించకండి. క్రికెట్టు అని రాసివున్న క్యాసెట్టు చివర అన్నప్రాసన ఉండవచ్చు. పెళ్ళి అని రాసివున్నదాని మీద ఎవరో మ్యాచి ఎక్కించి ఉండవచ్చు. అందుకే ఆర్.డిస్. క్యాసెట్టు వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను ఈ రోజే విరిచేయండి. అది లేకపోతే దానిమీద మళ్ళీ రికార్డు కాదు.

క్యాసెట్టు కిటికీలోంచి చూసినప్పుడు పట్టీ అంచున తెల్లని బూజు కనిపిస్తే దాన్ని ఏ యంత్రంలోనూ పెట్టవద్దు. ఆ బూజు యంత్రం తలకు అంటుకుని, తరువాత పెట్టిన మంచి క్యాసెట్టుకు కూడా పాకుతుంది. ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. అలాంటివి విడిగా కవరులో పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వాలి. మంచివాటిని కూడా ఆడుతుందో లేదో చూద్దామని పదేళ్ళుగా వాడని వి.సి.ఆర్.లో పెట్టకండి. లోపలి రబ్బరు గట్టిపడి ఉంటే అది పట్టీని నమిలేస్తుంది.

మార్చే విధానం క్లుప్తంగా చెబుతాను. బాగా పనిచేసే వి.సి.ఆర్.లో క్యాసెట్టు ఆడిస్తారు. వెనుక నుంచి మూడు తీగలు వస్తాయి. పసుపు తీగ బొమ్మకు, ఎరుపు, తెలుపు తీగలు శబ్దానికి. వాటిని కంప్యూటరుకు గాని, డిస్కు రికార్డరుకు గాని కలుపుతారు. మూడు గంటల క్యాసెట్టు మూడు గంటలూ ఆడితేనే నకలు వస్తుంది. దీనికి దగ్గరదారి లేదు. ఒక్క యంత్రం పెట్టుకుని "ఎనిమిది క్యాసెట్లు సాయంత్రానికి ఇచ్చేస్తాం" అనేవారి మాట నమ్మనవసరం లేదు.

అన్ని ప్లేయర్లలోనూ ఆడే డిస్కు కావాలంటే స్టూడియోవారిని కొన్ని విషయాలు అడగాలి. ఇవి రాసుకోండి.

మొదటిది, డిస్కు రకం. కంప్యూటరు ఫైలును అలాగే డిస్కులో వేసి ఇస్తే అది డేటా డిస్కు. కంప్యూటరులో ఆడుతుంది గాని ఇంట్లో టి.వి. కింద ఉన్న పాత ప్లేయరులో ఆడకపోవచ్చు. మనకు కావలసింది డి.వి.డి. వీడియో. ఆ డిస్కును కంప్యూటరులో తెరిస్తే వీడియో_టీఎస్ అనే పేరు గల అర కనిపించాలి. ఒకసారి మాత్రమే రాసే డి.వి.డి.-ఆర్. డిస్కు అడగండి. చెరిపి మళ్ళీ రాసే రకం డిస్కులను పాత ప్లేయర్లు చాలావరకు చదవలేవు.

రెండవది, ఫైనలైజ్ చేయడం. డిస్కు రాయడం పూర్తయిన తరువాత దానికి చివరి ముద్ర వేయాలి. దీన్ని ఫైనలైజ్ అంటారు. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫైలు మూసి సంతకం పెట్టడం. మా బంధువుల ఇంట్లో ఒకరికి ఇచ్చిన డిస్కు స్టూడియోలో చక్కగా ఆడింది, ఇంటికి తెస్తే ఏ ప్లేయరులోనూ ఆడలేదు. కారణం ఇదే. ఆ స్టూడియోలోని రికార్డరులోనే మళ్ళీ పెట్టి ముద్ర వేయించాక అన్నిచోట్లా ఆడింది.

మూడవది, నిడివి. మామూలు డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పడతాయి. మంచి నాణ్యతతో అయితే గంట, ఫరవాలేదనిపించే నాణ్యతతో అయితే రెండు గంటలు. డిస్కు ఆదా చేయడానికి ఐదారు గంటలు ఒక్కదానిలో కుక్కితే ముఖాలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. మూడు గంటల పెళ్ళికి రెండు డిస్కులు కావాలి. ఒక డిస్కు ధర దగ్గర పిసినారితనం వద్దు.

నాల్గవది, పాటలు. "పాత వీడియోకి కొత్త పాటలు వేసి, పూలు రాలుతున్నట్టు, హృదయం ఆకారంలో బొమ్మ వచ్చేటట్టు చేసి ఇస్తామండి" అంటారు. వారి ఉద్దేశం మంచిదే. కాని పాట వేస్తే కింద ఉన్న మాట పోతుంది. మంత్రాలు, మేళం, వియ్యపురాళ్ళ పరిహాసాలు, మా అమ్మగారి అర నిమిషం లాంటివి అన్నీ పోతాయి. ఉన్నది ఉన్నట్టు నకలు తీసి ఇమ్మని చెప్పండి. ఇష్టమైతే పాటలది వేరే డిస్కు చేయించుకోండి. అసలు నకలు మాత్రం ముట్టుకోకూడదు.

ఐదవది, అమెరికా సంగతి. మన పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. ఆ రోజుల్లో వారు పంపిన క్యాసెట్టు మన వి.సి.ఆర్.లో పెడితే బొమ్మ పైకీ కిందకీ దొర్లిపోయేది. మనది పాల్ పద్ధతి, సెకనుకు 25 బొమ్మలు, 625 గీతలు. వారిది ఎన్.టి.ఎస్.సి., సెకనుకు సుమారు 30 బొమ్మలు, 525 గీతలు. ఈ తేడా డిస్కుల్లోనూ ఉంది. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు సాధారణంగా రెండూ ఆడిస్తాయి. అమెరికాలో అమ్మిన ప్లేయర్లు చాలావరకు మన పాల్ డిస్కును ఆడించవు. అమ్మాయికి పంపవలసిన డిస్కును ఎన్.టి.ఎస్.సి.లో విడిగా చేయించండి. సినిమా డిస్కులకు ఉండే ప్రాంత సంఖ్య, అంటే మనకు 5, అమెరికాకు 1, మన ఇంటి డిస్కుకు అక్కర లేదు. అన్ని ప్రాంతాలకూ చెల్లేటట్టు ఉంచమంటే చాలు. అక్కడినుంచి వచ్చిన పాత క్యాసెట్లు మార్చాలంటే రెండు పద్ధతులూ చదవగల యంత్రం ఉన్నచోటికి వెళ్ళాలి.

కొందరు "మేము ఎప్పుడో మార్పించేశాం" అంటారు. అడిగితే అది 2000 ప్రాంతంలో చేయించిన వి.సి.డి. అయి ఉంటుంది. వి.సి.డి. ప్రమాణం 1993 నాటిది. దానిలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 గీతలు. డి.వి.డి.లో 720 చుక్కలు, 576 గీతలు. అసలు క్యాసెట్టు ఇంకా ఉంటే వి.సి.డి.ని చూసుకుని ఊరుకోకుండా క్యాసెట్టు నుంచే మళ్ళీ నకలు తీయించండి. నకలుకు నకలు తీస్తే అక్షరాలు చెదురుతాయని మనకు కార్బన్ కాపీల నాటినుంచి తెలుసు.

మరి డిస్కుతో పని పూర్తయినట్టేనా? కాదు. ఇప్పుడు వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టే అరే లేదు. సోనీ సంస్థ రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని, మినీ డి.వి. క్యాసెట్ల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఏ ప్లేయరులోనైనా ఆడే డిస్కు అన్నప్పుడు, ఆ ప్లేయరంటూ ఉన్నంతకాలం అని అర్థం. అయినా నేను డిస్కునే ముందు చెప్పడానికి కారణం ఉంది. మన వయసువారు రిమోటు నొక్కి చూసుకోగలరు. ఒకసారి రాసిన డిస్కు పొరపాటున చెరిగిపోదు. కాని దానితోపాటు అదే వీడియోను ఎంపీ4 ఫైలుగా కూడా తప్పక ఇమ్మనండి. అది ఫోనులోనూ, టి.వి.కి గుచ్చిన పెన్ డ్రైవులోనూ, కంప్యూటరులోనూ ఆడుతుంది. అమ్మాయి ఇంట్లో ఒక నకలు, అబ్బాయి ఇంట్లో ఒక నకలు, మన దగ్గర ఒకటి. ఒకే బీరువాలో మూడు నకళ్ళు ఉంటే ఒక్క తుపాను చాలు.

మనం బ్రతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇస్తాం. డిస్కుకు ఆ ఏర్పాటు లేదు. కనుక ఏడాదికొకసారి పెట్టి చూడాలి. లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి వచ్చిన రోజునే ఆ పని కూడా పెట్టుకుంటే గుర్తుంటుంది. ఎక్కడైనా ఆగితే ఇంకో నకలు మంచిగా ఉండగానే దాని నుంచి కొత్తది తీసుకోవచ్చు. డిస్కు మీద కాగితం చీటీ అంటించవద్దు, మెత్తని మార్కరుతో పైవైపు రాయండి. ఎండ తగలనిచోట నిలబెట్టి ఉంచండి. నకలు వచ్చింది కదా అని అసలు క్యాసెట్టును పాతసామాన్లవాడికి వేయకండి. రేపు ఇంతకంటే మంచిగా తీసే పద్ధతి రావచ్చు.

స్టూడియోకు ఇచ్చేటప్పుడు ప్రతి క్యాసెట్టుకూ నంబరు వేసి, జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద అందినట్టు సంతకం తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివర ఒక నిమిషం చూసి, శబ్దం వినిపిస్తోందో లేదో సరిచూసి, అప్పుడు డబ్బు ఇవ్వండి.

ఇక చివరి విషయం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇండెక్సు లేని రికార్డు గది ఎంత పెద్దదైనా అది కాగితాల గుట్టే. మా చెల్లెలి పెళ్ళి 1989లో జరిగింది. ఆ క్యాసెట్టును డిస్కు చేయించినప్పుడు విడిది ఇంటి అరుగు మీద తొమ్మిదిమంది పెద్దలు వరుసగా కూర్చుని కనిపించారు. నాకు ఐదుగురే తెలుసు. అప్పటికి ఎనభై దాటిన మా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మ ఆపి ఆపి చూపించాను. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఎవరితో అప్పటికే మాటలు లేవు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. మరుసటి ఏడు పిన్ని కాలం చేసింది. ఆ పుస్తకమే లేకపోతే, డిస్కు ఎంత శుభ్రంగా ఆడినా, ఆ నలుగురూ మా పిల్లలకు ఎవరో పెళ్ళికి వచ్చినవాళ్ళే. అందులో ఒకాయన మా తాతగారికి స్వయానా తమ్ముడు.

పట్టీ మీద పొడి ఎంత ఉంటేనేం, చూసి పేరు చెప్పేవారు లేకపోతే? స్టూడియోవాడు బొమ్మను మార్చగలడు. పేర్లు మాత్రం మనమే చెప్పాలి. కనుక డిస్కు వచ్చిన వారంలోనే ఇంట్లో అందరూ కూర్చోండి. ఒక తెల్లకాగితం మీద గంటలు, నిమిషాలు వేసి, ఎదురుగా ఎవరు కనిపిస్తున్నారో, ఏ ఊరో, ఏ సందర్భమో రాయండి. ఈ పనిలో మగవారికంటే ఇంటి ఆడవారే మేలు. చుట్టరికాలు వారికే గుర్తుంటాయి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫైలుతోపాటు పిల్లలకు పంపండి. ఒక నకలు డిస్కు పెట్టెలో పెట్టండి.

మన సంఘానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఇంకా పనిచేసే వి.సి.ఆర్. ఎవరింట్లో ఉందో వారు కార్యదర్శిగారి వద్ద పేరు నమోదు చేయించండి. క్యాసెట్లు ఉండి, తిరగలేని పెద్దవారు, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్న కుటుంబ పింఛనుదారులు కూడా చెప్పండి. మన పిల్లల్లో ఈ పని తెలిసినవారు ఉన్నారు. నెలకొక ఆదివారం మన కార్యాలయంలో కూర్చుంటే ఏడాది తిరిగేసరికి సభ్యుల ఆర్.డిస్. క్యాసెట్లు చాలావరకు పూర్తిచేయవచ్చు. ఖర్చు ఎవరిది వారు పెట్టుకోవచ్చు, శ్రమ పంచుకోవచ్చు.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే అటక మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నిచ్చెన ఎక్కవద్దు, పిల్లలను ఎక్కించండి. లెక్క రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.